ఖాళీ సీటు ఎత్తు

"ఇంకో మూడంగుళాలు దిగాల, ముస్తాక్ భాయ్."

ఆ మాట వినగానే చేతిలోని స్పానరు నేలకేసి కొట్టాలనిపించింది ముస్తాక్‌కు. ఆత్మకూరు బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఇరవై ఏళ్లుగా బళ్లు బాగుచేస్తున్నాడు గానీ, ఇంత మొండి గిరాకీ ఎప్పుడూ తగల్లేదు. ఉదయగిరి నుంచి ట్రాలీ మీద వచ్చే ఈ నాలుగు చక్రాల ఏటీవీ మీద పని చేయడం ఇది మూడోసారి.

ఆదివారం కలిగిరి దగ్గర మట్టి మైదానంలో డ్రాగ్ రేసు. మలుపులుండవు. ఈ గీత దగ్గర బయలుదేరితే రెండొందల మీటర్ల అవతలి గీత దాటేదాకా సూటి పరుగే. ఎనిమిది సెకన్లలో తేలిపోయే ఆ పరుగులోనే తన పేరు నిలవాలి, లేదా పోవాలి.

బండి మీద పవన్ కూర్చుని ఉన్నాడు. బత్తాయి తోటల రామనారాయణ గారి కొడుకు. మూడుసార్లు వచ్చినా సీటు దిగిన పాపాన పోలేదు. టీ కూడా డ్రైవరు జనార్దనయ్య తెచ్చి చేతికివ్వాల్సిందే. మొదటిసారి వచ్చి కాలి బ్రేకు తీయించి చేతికి పెట్టించుకున్నాడు. రెండోసారి విడిగా తెచ్చిన ఇంకో సీటుకు మెత్త కోయించుకుపోయాడు. ఎర్ర బూట్ల అడుగున మట్టి మరకైనా లేదు. డబ్బున్నవాళ్ల కాళ్లకు నేల తగలదు కాబోలు అనుకున్నాడు ముస్తాక్.

"బాబూ, షాకబ్జరు పొడుగు సంగతి కాస్త వినండి. పై బోల్టు నుంచి కింది బోల్టుకు పద్నాలుగు అంగుళాలు పెట్టినాను. మీరు కూర్చున్నాక బండి పొట్ట కింద మూడంగుళాల సందుండాది. ముందు చక్రాలు లేవవు, అడుగు తగలదు. ఇంతకన్నా పొట్టివి వేస్తే, లాగిన మరుక్షణం పొట్ట నేలకు గీక్కుంటాది."

"నేను కూర్చున్నాక ఎంతుంటే ఏంది భాయ్? ఖాళీ సీటు నేల నుంచి ఇరవై రెండు అంగుళాలుండాల. ఇంట్లో కొలిచినాం, ఇరవై ఐదుండాది."

"ఖాళీ బండి పందెం ఆడతాదా? ఎవురైనా మనిషి ఎక్కినాకే కొలుస్తారు."

"ఇంట్లో నా కుర్చీ ఇరవై రెండు. దానికి సరిగ్గా ఉండాల."

ముస్తాక్ జనార్దనయ్య వైపు చూశాడు. అతను తల దించుకుని ఖాళీ గ్లాసు కడగడానికి వెళ్లిపోయాడు.

"పందెం బండికీ ఇంట్లో కుర్చీకీ ఏంది సంబంధం బాబూ?"

"చెప్పను. చెబితే నీ చెయ్యి మారిపోతాది. వేగం తగ్గించి బిగిస్తావు."

"అది బోల్తా కొడితే పోయేది నా పేరు. నెల్లూరు బళ్లు కూడా నా షెడ్డుకు రావాలంటే ఈ బండి గెలవాల."

"గెలుస్తాది. నువ్వు ఆ మూడంగుళాలు దించు, చాలు."

ట్రాలీ బండిని ఎక్కించుకుని వెళ్లిపోయింది. పవన్ సీటు మీద నిటారుగా కూర్చునే వెళ్లాడు, ఊరేగింపులో పెళ్లికొడుకులాగా. ముస్తాక్‌కు ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం ఇంట్లో అన్నం కూడా సయించలేదు. భార్య అమీరున్నీసా అంతా విని తేలిగ్గా తీసేసింది.

"పెద్దింటి పిల్లోళ్లు అట్నే ఉంటారు. అడిగిన పొడుగు వేసి ఇచ్చేయరాదా?"

"వేస్తే పడతాడు. పడితే ఆ పాపం ఎవురిది? కుర్చీ ఎత్తంట, కుర్చీ. కూర్చున్నోడు లేవడు, నిలబడి మాట్లాడేవాళ్లంటే లెక్క లేదు."

"అంత పట్టుదలైతే ఆ కుర్చీనే లేపమను."

ముస్తాక్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నిజమే. బండిని దించడమెందుకు, కుర్చీని లేపితే పోలా?

పక్కవీధి వడ్రంగి దగ్గర మూడంగుళాల మందాన నాలుగు వేపచెక్కలు కోయించాడు. కుర్చీ కాళ్లు జారకుండా ఒక్కోదానికీ నడుమ గుంట కూడా తీయించాడు. ఆ పని చేయిస్తున్నంతసేపూ అతనికి కసిగా, హాయిగా ఉంది.

మర్నాడు ఎండ ముదరకముందే బైకు మీద ఉదయగిరి చేరాడు. దారిపొడుగునా ఒకటే మాట నోట్లో తిప్పుకున్నాడు. 'ఇదిగో బాబూ, మీ సింహాసనం మూడంగుళాలు లేపినా. బండి జోలికి మాత్రం నేను పోను.'

రాఘవమ్మ వాకిట్లో ఉంది. పవన్ తల్లి. ముస్తాక్ తన పేరు చెప్పగానే ఆమె మొహం విప్పారింది.

"నువ్వేనా నాయనా బండి చేసేది? వాడింకా లేవలా. రెండేళ్లయింది వాడు పందెమనే మాటెత్తి. ఇప్పుడు పొద్దస్తమానం నీ పేరే. ఎవురి సాయం లేకుండా తానే బండెక్కుతానంటాడు."

ఆ మాటకు ముస్తాక్ కోపం కొంచెం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

"బాబు కుర్చీ కొలుచుకుందామని వచ్చినానమ్మా."

"పెరట్లో ఉండాది. కడిగి ఎండకు పెట్టినాను. పోయి చూసుకో."

టేపు ఒక చేత్తో, చెక్కల సంచి ఇంకో చేత్తో పట్టుకుని ఇంటి పక్కసందులోంచి పెరట్లోకి నడిచాడు. ఆరేసిన చీర చాటున కుర్చీ వీపు మాత్రం తడిగా మెరుస్తోంది. ఒక చెక్క తీసి, గుంట పైకి తిప్పి, కుర్చీ కింద పెట్టబోయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

ఆ కుర్చీకి కాళ్లు లేవు, చక్రాలున్నాయి.