నాన్నకి ‘ర’ తిరగదు

“రేపు సాయంత్రం దాకా ఆగమని బయటికెళ్లి నువ్వే చెప్పన్నా, నా వల్ల కాదు,” అంది ప్రోగ్రామర్ పిల్ల.

సీనియర్ తలుపు సందులోంచి చూశాడు. వరండా నిండా జనం. వరదొస్తే ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించి, ఏ బస్సు దొరికితే అందులో ఎక్కించేశారు మరి. తప్పిపోయినవాళ్ల పేర్లు కంప్యూటర్లో ఒక పట్టికలో, శిబిరాలకి చేరినవాళ్లవి ఇంకో పట్టికలో. రెండూ లక్షల్లో. హడావుడిగా రాసుకోవడంతో పేరు తప్ప మిగతా గళ్లన్నీ ఖాళీ, ఆ పేర్ల నిండా కూడా తప్పులే. ఇటున్న ప్రతి పేరునీ అటున్న ప్రతి పేరుతో పోల్చుకుంటూ కంప్యూటర్ నత్తతో పందెం వేసుకుంది.

“ఒక మనిషి కోసం ఊరంతా తలుపులు కొట్టడమెందుకన్నా? మొదటి అక్షరం కలిసిన వీధిలోనే అడుగుదాం.”

మొదటి అక్షరమే తప్పు పడితే ఏంటని సీనియర్ గొణిగాడు. చివర్లు తినేస్తారు గానీ మొదలెవరు తప్పు రాస్తారని ఆ పిల్ల కొట్టిపారేసింది. టకటకా నాలుగు లైన్లు మార్చి నొక్కింది. టీ చల్లారేలోపు అయిపోయింది!

ఇంక చూడాలి వరండా. పేరు పిలవడం, శిబిరం చెప్పడం, వాళ్లు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తడం. గంటలో బెంచీలు ఖాళీ.

ఒక్కావిడ మిగిలింది. బురద బట్టలు, ఒళ్లో మడత పెట్టిన చిన్న దుప్పటి. బస్సెక్కే తోపులాటలో చెయ్యి జారిపోయిందట. అన్నం తను కలిపి పెడితేనే తింటాడట, జోకొడితే గానీ పడుకోడట, ఇల్లెక్కడంటే చెప్పలేడట.

ప్రోగ్రామర్ పిల్ల వచ్చి ఆవిడ పక్కన కూర్చుని, పేరైనా చెప్పగలడా అక్కా అని అడిగింది.

“చెప్తాడు. కానీ నాన్నకి ‘ర’ తిరగదు తల్లీ. ‘ల’ అంటాడు. నవ్వొచ్చినా నవ్వను, అలుగుతాడు.”

అంతే, పిల్ల లేచి సీటు దగ్గరికి ఒకటే పరుగు. ‘ర’ వీధికీ ‘ల’ వీధికీ మధ్య గోడ తీసేసి మళ్లీ నొక్కింది. దొరికాడు! శిబిరంలో రాసుకున్నవాళ్లు విన్నది విన్నట్టే ‘ల’ పెట్టేశారు. నీ తొందర తగలెయ్య, ముందు ఆవిణ్ణి తీసుకెళ్లు అని సీనియర్ బండి తాళాలు విసిరాడు.

పిల్ల దారిలో ఆగి బిస్కెట్ ప్యాకెట్ కొంది. శిబిరమంటే ఒక బడి. ఎవర్నీ అడక్కుండా ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా పిల్లల గదిలోకి లాక్కెళ్లింది. ఆవిడ ఒక్కో మొహం చూసుకుంటూ చివరిదాకా వెళ్లి, అయోమయంగా తిరిగొచ్చింది.

“ఇక్కడ లేడు తల్లీ.”

ప్రోగ్రామర్ పిల్ల రాసుకొచ్చిన పేరు మళ్లీ చూసుకుంది. మళ్లీ తప్పు కలిపానా? లేని ఆశ పెట్టి ఇంతదూరం తెచ్చానా?

అప్పుడే పక్క గదిలోంచి వణుకుతూ ఒక పిలుపు: “అమ్మా!”

ఆవిడ దుప్పటి విప్పుకుంటూనే పరిగెత్తింది. వెనకాలే వెళ్లిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది.

“పక్షవాతం మాటతో పాటు నన్నూ మరిపించేసింది తల్లీ, ఇప్పుడు మా నాన్నకి కూతురు లేదు, నేనే అమ్మని,” అంది ఆవిడ, ఆయన తెల్లజుట్టు సవరిస్తూ.