గొంతుకీ సూదికీ వేరు కాపురం

"నీ కుట్ల ప్రోగ్రామే నా గొంతు మింగేసింది" అని పలక మీద రాసి భార్య ముఖం ముందు పెట్టాడు వార్తలాయన.

తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది. పది గంటల వార్తలు ఆయనే చదవాలి. కంఠానికి ఆపరేషన్ జరిగి మాట పోయిన పధ్నాలుగు నెలలకి రేడియో వాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క అవకాశం. టైపు చేసిన వాక్యాన్ని ఆయన గొంతుతోనే చదివే ప్రోగ్రామును, ఆయన పాత రికార్డింగులన్నీ పోగేసి, కూతురు తయారుచేసి పెట్టింది. ముందుగదిలోని కంప్యూటర్ నుంచి స్టేషన్‌కి లైను కూడా కలిపారు. తీరా ఇప్పుడు ప్రోగ్రాము తెరవబోతే తెరనిండా ఎర్ర అక్షరాలు. కూతురి ఫోను స్విచాఫ్. మధ్యాహ్నం దాకా ఆ పిల్ల పరీక్ష హాల్లోనే ఉంటుంది.

భార్య పలక పక్కకి జరిపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎర్ర అక్షరాలను కింది నుంచి పైకి చదివింది. మూడేళ్లుగా ఎంబ్రాయిడరీ డిజైన్లు ప్రోగ్రాము రాసే గీస్తోంది కాబట్టి ఆ గోల ఆమెకి కొత్త కాదు. సంగతి త్వరగానే అంతుపట్టింది. గొంతు ప్రోగ్రాముకీ కుట్ల ప్రోగ్రాముకీ లోపల లెక్కలు చేసిపెట్టే ప్యాకేజీ ఒక్కటే. నిన్న సాయంత్రం కుట్ల ప్రోగ్రాము కొత్త వెర్షన్‌కి మారి ఉండడం ఆమె చూసింది. దానంతటదే మారిందనుకుంది. ఇప్పుడు చూస్తే దానితోపాటు ప్యాకేజీ కూడా కొత్తదైపోయింది. ఆ కొత్తది గొంతుకి పడలేదు.

అంటే తప్పు తన ప్రోగ్రాముదే.

పాత ప్యాకేజీని వెతికి తెచ్చి పెట్టింది. "నమస్కారం" అంది కంప్యూటర్, ఆయన గొంతుతో. ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. కానీ ఈసారి కుట్ల ప్రోగ్రాము మొరాయించింది. దానికి కొత్తదే కావాలి. లోపలిగదిలో మిషను పక్కన నర్సుల కోట్లు నలభై ఉన్నాయి. జేబుల మీద పేర్లు కుట్టి మధ్యాహ్నానికల్లా ఇస్తానని ఆసుపత్రి వాళ్లకి మాటిచ్చింది. వార్తలయ్యాక మొదలుపెడితే అందవు.

ఆయన పలక తుడిచి మళ్లీ రాశాడు. "నీది తీసెయ్. కుట్లే కదా."

ఆమె అది రెండుసార్లు చదివింది.

"కుట్లే" అంది. "మీకు మాట పోయిన ఈ పధ్నాలుగు నెలలూ ఇంట్లో మోగింది ఆ మిషనొక్కటే. నాది తియ్యను. మీదీ తియ్యను."

ఆయన పలక బల్ల మీద బోర్లించాడు.

"రెంటినీ ఒకే వంటింట్లో పెట్టడమే మనం చేసిన పొరపాటు" అంది ఆమె, అప్పటికే టైపు చేస్తూ. "వేరు కాపురం పెట్టిస్తున్నా."

ముందు కలిసి ఉన్నవన్నీ తీసేసి, కంప్యూటర్‌లో రెండు ఎన్విరాన్‌మెంట్లు విడివిడిగా తయారుచేసింది. దేని ప్యాకేజీలు దానివే. ఒకదాంట్లో ఏం మార్చినా రెండోదానికి సెగ తగలదు. ఒకదానికి 'గొంతు' అనీ, ఇంకోదానికి 'సూది' అనీ పేర్లు పెట్టింది. సూది పని ఐదు నిమిషాల్లో తేలిపోయింది. గొంతుకి మాత్రం ముప్పై ఒక్క ప్యాకేజీలు కావాలి, అన్నీ పాతవే. ఏది ఏ వెర్షనో కూతురు ఒక జాబితా రాసి ఉంచింది. అవి ఒక్కొక్కటే దిగుతుంటే ఆయన తెర వంకా గడియారం వంకా మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

తొమ్మిదీ నలభైకి స్టేషన్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. స్టూడియోలో ఇంకొకరిని సిద్ధంగా కూర్చోబెట్టామన్నాడు. పదికి పది నిమిషాల ముందుకల్లా గొంతు వినిపించకపోతే అతనే చదువుతాడనీ, మళ్లీ ఇలాంటి ఏర్పాటుకి పైవాళ్లు ఒప్పుకోరనీ చెప్పాడు.

"వినిపిస్తుందండీ" అని ఆమె ఫోను పెట్టేసింది.

ముప్పయ్యో ప్యాకేజీ దగ్గర పని ఆగిపోయింది. పేరులో ఒక అక్షరం తప్పు కొట్టింది తనే. దిద్దింది. ఆఖరిది కూడా దిగేసరికి తొమ్మిదీ నలభై తొమ్మిది. లేచి, కుర్చీ ఆయన వైపు తిప్పింది.

ఆయన కూర్చుని టైపు చేశాడు. "స్టేషన్, నేను వినిపిస్తున్నానా?" గొంతు గదిలో గంటలా మోగింది.

లైనులో అవతలి మనిషి అన్నాడు: "వినిపిస్తున్నారు సార్. అచ్చం మీరే."

ఆమె ఆయన భుజం మీదుగా వంగి, పక్కనే కుట్ల ప్రోగ్రాము తెరిచింది. నలభై పేర్లు వరసగా తెర మీదకి వచ్చాయి. వాటిని మిషనుకి పంపించి, లోపలిగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. సూది టకటకా మొదటి పేరు కుట్టసాగింది.

సరిగ్గా పదికి, మిషను పక్కనున్న చిన్న రేడియోలో ఆయన మొదలుపెట్టాడు. కూలిన వంతెన, తుపాను హెచ్చరిక, చెరకు ధర, అన్నీ తొణక్కుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. రెండో వార్తకే ఎదురింట్లో ఎవరో రేడియో సౌండు పెంచారు. ఆ వెంటనే పక్కింట్లో. మూడో వార్తకి వీధి పొడుగునా ఆ గొంతే. నాలుగో కోటు మిషనుకి తగిలిస్తూ ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంతటితో వార్తలు సమాప్తం" అంది గొంతు. ఆమె రేడియో కట్టెయ్యడానికి చెయ్యి చాచింది.

"చివరిగా ఒక సవరణ" అంది గొంతు మళ్లీ, అదే వార్తల ధోరణిలో. "నిన్న సాయంత్రం మా ఇంటి కంప్యూటర్‌లోని ప్రోగ్రాములన్నిటినీ ఒక్క దెబ్బతో కొత్తవిగా మార్చేసింది ఈ ఉదయం నేను నిందవేసిన నా భార్య కాదు, ఆమె కుట్ల ప్రోగ్రామూ కాదు, కొత్తదైతే తన గొంతుకి పదేళ్లు తగ్గుతాయేమోనని ఆశపడ్డ, ప్రస్తుతం వార్తలు చదువుతున్న ఈ పెద్దమనిషి."