నా బస్సు ముందు సైకిల్

మా నగర పెద్దలు దయతలచి సైకిళ్లకి ఆకుపచ్చ రంగేసిన దారి ఇచ్చారు. దాంట్లో కార్లు హాయిగా నిద్రపోతున్నాయి.

ఈ సైకిల్ పిల్లేమో మహారాణిలా రోజూ నా బస్సు ముందే, నడిరోడ్డు మీద తొక్కుతుంది. నేను హారన్ మోగిస్తూనే ఉన్నాను.

"దాన్ని కాదు, రోడ్డు మీదికి వదిలిన తల్లిని అనాలి!" అన్నాడు ముందు సీట్లోని పెద్దమనిషి.

ఆ తల్లే బస్సు నడుపుతోందని పాపం ఆయనకేం తెలుసు?

ఇంటికెళ్లగానే కూతుర్ని ఏకిపారేశాను. "ఊళ్లో ఇన్ని బస్సులుండగా నా బస్సే దొరికిందా నీకు?"

"కార్లు తియ్యరు కదమ్మా, నడిరోడ్డు మీదికి రాక తప్పదు. అందుకే సందు చివర నీ బస్సు వచ్చేదాకా ఆగుతా. వెనకాల నువ్వుంటే నన్నెవడూ గుద్దడు."