చేతుల యజమాని

కీళ్లవాతం ఉన్నవాళ్లందరికీ ఇప్పుడు ప్రభుత్వమే చేతులకు కట్టుకునే స్ప్లింట్లు ఇస్తోంది. వాపు పెరగగానే అవి వాటంతటవే బిగుసుకుని వేళ్లకు విశ్రాంతినిస్తాయి. ఇవాళ మాత్రం నాలుగో వాయి జంతికలకే హిమబిందు మణికట్లు నిప్పు పెట్టినట్టు మండుతున్నా, స్ప్లింట్లు బిగుసుకోలేదు.

"ఇవి పాడైనట్టున్నాయండీ," అంది భర్తతో.

"పాడవలేదు," అన్నాడు సుమంత్, ఫోన్‌లోంచి తలెత్తకుండా. "మా అక్కావాళ్లు వస్తున్నారుగా! సాయంత్రం దాకా విశ్రాంతి నేనే ఆపేశాను."

"నా చేతుల విశ్రాంతి మీరు ఆపేశారా? నన్నొక్క మాట అడక్కుండా?"

"ఇంటి యజమాని ఫోన్‌కే కదా ఆ సౌకర్యం ఇచ్చింది! ఒక్క పూటే కదే."

హిమబిందు పళ్లతో పట్టీలు లాగి, రెండు స్ప్లింట్లూ విప్పి అతని ముందు పడేసింది. వెంటనే అతని ఫోన్‌లోంచి గొంతు వినిపించింది: "రోగి సహకరించడం లేదు. ఇంటి యజమానిగా ఫిర్యాదు చేస్తారా?"

ఆమె పిండి నింపిన జంతికల గొట్టం తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"చెయ్యండి. ఇంటికి యజమాని మీరేనని రాయండి. ఈ చేతులకు యజమాని నేనని కూడా రాయండి. ముందు లేచి ఆ వాయి ఒత్తండి, నూనె మాడిపోతోంది."