పక్కవాటా రేడియో

కుడి కంటి అద్దాన్ని ఆమె ఎడమ వైపు బిగించడం ఆ వారంలో అది రెండోసారి.

"రాత్రుళ్ళు నిద్రపోవామ్మా నువ్వు?" కళ్ళద్దాల షాపు యజమాని ఫ్రేమును ఆమె ముందుకు తోశాడు.

"పదింటికల్లా పడుకుంటానండీ."

"మరి ఆ ముఖమేంటి?"

ఆమె ఫ్రేము అందుకుని స్క్రూ విప్పసాగింది. ఎన్ని గంటలు పడుకున్నా, లేచేసరికి రాత్రంతా బస్తాలు మోసినట్టుంటుందని ఎంతమందికని చెప్పుకుంటుంది?

ముప్పై దాటాక పట్టుకుంది ఆ జబ్బు. నిద్రలోనే లేచి కూర్చుని గొంతు చించుకుని అరిచేది. తెల్లారితే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఇరుగుపొరుగు వచ్చి పోట్లాడితేనే తెలిసేది. డాక్టరు మందులు మార్చాడు. ఆమె ఇళ్ళు మార్చింది. అలా మూడయ్యాయి.

ఈ నాలుగో ఇంట్లో తొమ్మిది నెలలుగా ఎవరూ ఏమీ అనలేదు. జబ్బు దానంతటదే వదిలిందనుకుంది.

వదలనిది పక్కవాటాలో రేడియో.

వారానికి నాలుగైదు రాత్రులు, అర్ధరాత్రి దాటాక, గోడలు అదిరేలా మోగేది. కళ్ళు తెరిచేసరికి గుండె దడదడలాడుతుండేది. ఒళ్ళంతా చెమటలు. కాసేపటికి రేడియో ఆగేది. ఆ తర్వాత పట్టేది నిద్ర కాదు, కునుకు.

ఆ సాయంత్రం షాపు నుంచి నేరుగా వెళ్ళి పక్కవాటా తలుపు కొట్టింది. మ్యాపులు గీసే ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన, ఒంటరివాడు. ఇంట్లో దిగిన రోజు, అరుపుల వల్ల మారిన ఇళ్ళలో ఇది నాలుగోదని ఆయనతోనే చెప్పుకుంది. తలుపు సగం తెరిచాడు.

"బాబాయిగారూ, ఆ వేళప్పుడు రేడియో ఏంటండీ?"

"అలవాటైపోయిందమ్మా."

"కాస్త మెల్లగా పెట్టుకోవచ్చుగా?"

ఆయన నేల చూపులు చూశాడు. "మెల్లగా పెడితే లాభం లేదమ్మా."

ఆమెకు ఒళ్ళు మండింది. "మీకు చెవుడైతే మాకందరికీ శిక్షా? పొద్దున్నే పనికి పోవాలి నేను. మీలాగా ఇంట్లో కూర్చోను."

"తప్పేనమ్మా," అన్నాడాయన.

ఆ రాత్రీ మోగింది.

ఇక ఓపిక పట్టలేక ఇంటామె దగ్గరికి వెళ్ళింది. కింది వాటావాళ్ళూ, పై వాటావాళ్ళూ వంత పాడారు. వాళ్ళు నెలల తరబడి ఆయన్ని తిడుతూనే ఉన్నారట. ఇంటామె ఆయన్ని పిలిపించి, "పద్ధతైనా మార్చుకోండి, ఇల్లైనా మారండి," అంది.

ఆయన ఇల్లే మారాడు.

సామాను దించుతూ మెట్లమీద ఎదురయ్యాడు. "ఒంట్లో జాగ్రత్తమ్మా."

మర్యాదలకేం తక్కువ లేదు అనుకుని ఆమె ముఖం తిప్పుకుంది.

ఆ రాత్రి రేడియో లేదు. తెల్లారేసరికి మాత్రం తలుపు దబదబ బాదుతున్నారు. గుమ్మంలో ఇంటామె, ఆవిడ వెనక కింది వాటావాళ్ళు.

"ఏంటమ్మాయ్ రాత్రి ఆ అరుపులు? ఎవరో పీక కోస్తున్నట్టు! పోలీసులకు ఫోన్ చేయబోయాం."

"నేనా పిన్నిగారూ? ఎప్పుడు?"

"ఒకటిన్నరకి," అన్నాడు కింది వాటా అతను. "ఆ ముసలాయన రేడియో పెట్టే వేళకి."

చెప్పి అతనే ఆగిపోయాడు.

ఇంటామె గొంతు తగ్గింది. "తాళాలిస్తూ ఆయన ఒక మాటన్నాడు. నాకప్పుడు అర్థం కాలేదు."

"ఏమన్నారు?"

"'నా వాటా, పక్కవాటా అమ్మాయికి మళ్ళీ ఇల్లు వెతుక్కునే పని పెట్టని వాళ్ళను చూసి ఇవ్వండి' అన్నాడు."

తొమ్మిది నెలలుగా ఆమె అరిచిన ప్రతి రాత్రీ ఆయన లేచి రేడియో పెట్టి, ఆమెకు రావలసిన తిట్లన్నీ తను తిన్నాడు.