మొదటి ముద్ద

“ఉప్పు ఇప్పుడే వెయ్యకు. ముందు దుంప మెత్తబడనీ,” అంది టైలరమ్మ.

కొత్తమ్మాయి చెంచా వెనక్కి తీసింది. కాస్త ఉప్పు గట్టు మీద ఒలికింది.

“అయ్యో, తుడిచేస్తానక్కా.”

“తుడవడానికి నేనున్నాగా. నువ్వు మూకుడు చూసుకో. మాడిందంటే పిచ్చుక ముట్టదు.”

పిచ్చుక అంటే ఆ ఇంట్లో ఉన్న అయిదేళ్ల పిల్ల. రెండు మెతుకులు తిని ఎగిరిపోతుందని ఆ పేరు వచ్చింది. ఆ రెండు మెతుకులు కూడా టైలరమ్మ చేత్తో పెడితేనే. ఓసారి టైలరమ్మ జ్వరంతో పడుకుంటే, ఆమె భర్త బుజ్జగించి పెట్టబోయాడు. పిల్ల పళ్లు బిగించి, పస్తుతోనే పడుకుంది. అలాంటి పిల్లకు రేపటి నుంచి అన్నం పెట్టాల్సింది ఈ కొత్తమ్మాయి. వారం నుంచి సాయంత్రమయ్యేసరికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకుంటోంది. వంట పట్టుబడుతోంది గాని, పిల్ల మాత్రం ఆమె చేతి ముద్ద ఒక్కటీ నోట పెట్టుకోలేదు. ఇవాళ కూడా తినకపోతే రేపు ఏమవుతుందోనని టైలరమ్మ దిగులు.

కిటికీ అవతల పక్కింటి పిన్నిగారి తల కనబడింది. ఆవిడ ఆ వీధిలో దిగి నెలైనా కాలేదు గాని, ఎవరి పొయ్యి మీద ఏముందో ఆవిడకు తెలియకపోతే పొద్దు గడవదు.

“రాత్రికి ఏం కూరమ్మా?”

“బంగాళాదుంపలు పిన్నిగారూ. మీరేం చేస్తున్నారు?”

“చేసేదేముంది, పొద్దుటి పప్పే వెచ్చబెట్టడం. మీ బాబాయిగారు మొహం మాడ్చుకుని తింటారు, నేను చూడనట్టు ఊరుకుంటా.” ఆవిడ చూపు కొత్తమ్మాయి మీదికి మళ్లింది. చెవుల దాకా మాత్రమే పెరిగిన జుట్టు, పుల్లల్లాంటి చేతులు. గొంతు తగ్గించినట్టే తగ్గించి, అందరికీ వినబడేలా అంది. “మిషన్ పని ఎక్కువైతే వంటమనిషిని పెట్టుకో, కాదనను. ఏళ్ల తరబడి మంచం పట్టి లేచినట్టున్న ఈ పిల్లని ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావే? మీకు వండిపెట్టడం అటుంచి, ముందు ఈమెకే ఎవరైనా వండిపెట్టాలి!”

కొత్తమ్మాయి నవ్వబోయి తల దించుకుంది.

“నేర్చుకుంటుంది లెండి,” అని టైలరమ్మ కిటికీ రెక్క దగ్గరికి లాగింది. తర్వాత ఇటు తిరిగి, ఆగితే మాట రాదేమో అన్నట్టు గబగబా చెప్పుకుపోయింది. “ఒకరోజు పప్పు చేస్తే మర్నాడు చెయ్యకు, మొహం తిప్పుకుంటుంది. గుడ్డట్టులో ఉల్లిపాయ కంటికి కనబడకూడదు. టమాటా తొక్క తీసెయ్. ఏమీ తోచని రోజు పెరుగన్నంలో కారెట్ తురుము కలిపెయ్. మిగిలిన కూర ఉంటే రొట్టెలో చుట్టి ఇవ్వు, కొత్త వంట అనుకుని తినేస్తుంది పిచ్చిది.”

“అక్కా, మొట్టమొదట ఏం తింది? అదే… పళ్లు రాకముందు?”

“అరటిపండు. ఉమ్మేసింది.”

“నడకెప్పుడు వచ్చింది?”

టైలరమ్మ గరిటె ఆగింది. “కూరకీ దానికీ ఏం సంబంధం?”

“ఊరికే అడిగానక్కా.”

ఊరికే అడిగినా ముల్లులా గుచ్చుకుంది. నిజానికి టైలరమ్మ అన్నీ చెప్పింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చెబితే పిల్ల తినేస్తుంది. తినేస్తే ఇక తన చేతితో పనేముంది? పిల్ల పస్తు ఉండకూడదనీ ఉంది, ఆ చిన్ననోరు తన చేతికి తప్ప తెరుచుకోకూడదనీ ఉంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

టైలరమ్మ భర్త గుమ్మం దగ్గరికి వచ్చాడు. “సంచి సర్దేశాను. ఇంకేమైనా పెట్టాలా?”

“అన్నాలయ్యాక చూద్దాం,” అంది టైలరమ్మ, అటు చూడకుండా.

పిచ్చుక వచ్చి కూర్చుంది. కొత్తమ్మాయి చిన్న ముద్ద చేసి చెయ్యి చాపింది. “ఒక్కటంటే ఒక్కటి బంగారూ.”

“వద్దు. వంటాంటీ వద్దు. అమ్మే పెట్టాలి.”

“చూడు, దుంప ఎంత మెత్తగా ఉందో!”

“నువ్వే తిను, పో!”

కొత్తమ్మాయి చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. కాసేపటికి కంచం టైలరమ్మ వైపు జరిపింది. “మీరే పెట్టండక్కా. ఆకలికి ఆగలేదు, నీరసపడిపోతుంది.”

టైలరమ్మ కంచం అందుకుంది. ముద్ద కూడా కలిపింది. పిచ్చుక అప్పుడే నోరు తెరిచేసింది. ఆ నోటికేసి చూసి, ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూసి, ముద్ద తిరిగి కంచంలో వదిలేసింది.

“మొదటి ముద్ద నువ్వు పెట్టకూడదు,” అంది నెమ్మదిగా. “దాని చేత్తో నువ్వు తినిపించుకోవాలి. అది నీకు పెడితేనే, నువ్వు దానికి పెట్టొచ్చు. దాని రూలు అది. మొదటిరోజే చెప్పాల్సింది. నాకే నోరు రాలేదు.”

కొత్తమ్మాయి కంచం దగ్గరికి వంగి నోరు తెరిచింది. పిచ్చుక అనుమానంగా చూసింది. వేళ్ల నిండా అన్నం నలిపి, సగం ఆమె గడ్డానికి పూసి, సగం నోట్లో కుక్కింది.

“నమిలావా? ఏదీ, ఆ అను!”

కొత్తమ్మాయి ఆ అంది. కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి.

“కారంగా ఉందా?”

“లేదమ్మా. చాలా బాగుంది.”

“అయితే నాక్కూడా పెట్టు.”

ఒక ముద్ద. ఇంకోటి. కంచం ఖాళీ అయ్యేదాకా టైలరమ్మ పంపు తిప్పి, కడిగిన గిన్నెనే మళ్లీ మళ్లీ కడుగుతూ ఉండిపోయింది.

పిచ్చుక వచ్చి కాళ్లకు చుట్టుకుంది. “అమ్మా, వంటాంటీ రేపు కూడా వస్తుందా?”

“రాదు. నువ్వే వాళ్లింటికి వెళ్తావు.”

“నువ్వూ వస్తావుగా?”

“రాను.”

“మరి నేనెందుకు?”

టైలరమ్మ పంపు కట్టేసి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

“నిన్ను కన్నది ఆమే.”