కొయ్యమంటారా?

"కొయ్యమంటారా సార్?"

అలవాటు కొద్దీ అడిగేసి నాలుక కరుచుకుంది. ఆపరేషన్ గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వరూ మరి! తోటి డాక్టర్లు ఆమెకి పెట్టిన పేరే 'కొయ్యమంటారా'.

"త్వరగా కానీ అమ్మాయ్. పొద్దుట్నుంచీ కాఫీ చుక్క కూడా లేదు నాకు," అన్నాడు ప్రొఫెసర్. ఆయన ఆకుపచ్చ తెర అవతల, మత్తు డాక్టర్ పక్కనే ఉన్నాడు. మొహం కనపడదు. తెర కాస్త ఎత్తుగా కట్టమన్నదీ ఆయనే.

ఇదే హెర్నియా ఆపరేషన్‌లో రెండుసార్లు ఆమెను ఫెయిల్ చేశాడు. "చెయ్యి బంగారం. చూపే నా మొహమ్మీద. అక్కడేమన్నా రాసిపెట్టి ఉందా తల్లీ?" అని తిట్టాడు కూడా. ముచ్చటగా మూడోసారి ఇవాళ. ఇదీ పోతే శిక్షణ నుంచి ఇంటికే. ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

నిన్న కాళ్ళావేళ్ళా పడింది. "ఈ కేసు వద్దు సార్. ఇంకోటివ్వండి."

"ఇదే చెయ్యాలి. తప్పు చేస్తే ముందు తెలిసేది నాకే," అని నవ్వాడు మహానుభావుడు.

కత్తి దించింది. చర్మం, కొవ్వు, పొర. జారిన పేగును లోపలికి నెట్టింది. హమ్మయ్య అనుకునేంతలో రక్తం చిమ్మింది. చూస్తూండగానే గాయం నిండిపోయింది.

గభాల్న తలెత్తింది. ఎదురుగా ఆకుపచ్చ తెర.

"సార్, రక్తం..."

ఉలుకూ పలుకూ లేదు.

"బీపీ పడుతోంది," అన్నాడు మత్తు డాక్టర్. ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి, గొంతు మారిపోయింది.

"ఇంకో పెద్ద డాక్టర్ని పిలవనా అమ్మా?" గుసగుసగా అడిగింది నర్సు.

"సిద్ధంగా ఉండమను అక్కా. ముందు ఆ గుడ్డ ఇలా ఇవ్వు."

గుడ్డ మడిచి గట్టిగా అదిమింది. భయంతో ప్రాణం పోతోంది. చెయ్యి మాత్రం వణకలేదు. గుడ్డను కొంచెం కొంచెంగా జరుపుతూ వెతికితే దొరికింది, అగ్గిపుల్లంత రక్తనాళం. పట్టుకుని ముడేసింది. రక్తం ఆగింది.

"బీపీ ఎక్కుతోంది," అన్నాడు మత్తు డాక్టర్.

ఇక ఎవర్నీ ఏమీ అడగలేదు. చివరి కుట్టు దాకా తలెత్తనే లేదు.

"అయిందా?" తెర అవతల ప్రొఫెసర్ గొంతు నీరసంగా పలికింది.

"అయింది సార్."

"నన్ను అడక్కుండానే?"

"అడిగాను సార్. మీరే పలకలేదు."

"పలికితే నువ్వు చెడిపోతావని నోరు కట్టేసుకున్నాను. పాసయ్యావు పో. ఇక నీ పక్కన ఎవరూ అక్కర్లేదు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. చేతి తొడుగులతో కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయింది.

నర్సు నవ్వుతూ తెర లాగేసి, బల్ల మీద వెల్లకిలా పడుకున్న ప్రొఫెసర్ మీదకి వంగి, "నడుముకి మత్తిచ్చాం, రాత్రిదాకా తల ఎత్తకండి సార్," అంది.